ఒక ట్రే జామాయిల్ నారు

మేస్త్రమ్మగారికి,

నమస్కారం. అక్కా అని మొదలుపెట్టాలని ఉంది గానీ, అడక్కుండా చుట్టరికం కలిపేసుకున్నట్టు ఉంటుందని ఆగాను. మన నర్సరీ వ్యాను తోలే తాత మిమ్మల్ని మేస్త్రమ్మ అనే అంటాడు. నేనూ అదే రాస్తున్నాను.

నేనెవరో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. మీరు వదిలి వెళ్ళిన నర్సరీలో, మీరు వదిలి వెళ్ళిన మనిషితో ఆరేళ్ళు కాపరం చేసినదాన్ని. ఆయన పోయిన సంగతి తాత మీకు చెప్పాడట. మీరు విని ‘ఊఁ’ అని, చేతిలో పార్సిలుకి చీటీ అంటించుకుంటూ ఉండిపోయారట. తాత అది తప్పన్నట్టు చెప్పుకొచ్చాడు గానీ నాకు తప్పనిపించలేదు. ఆస్పత్రిలో డాక్టరు బయటికొచ్చి విషయం చెప్పినప్పుడు నా నోట్లోంచి వచ్చింది కూడా ఆ ‘ఊఁ’ ఒక్కటే. అందుకే మీకు రాయొచ్చనిపించింది. మీ ఫోను నంబరూ ఇచ్చాడు తాత. నొక్కి, మోగకముందే ఆపేశాను. ఫోనులో మాట్లాడుకునేంత పరిచయం లేదు కదా మనకి.

అసలు సంగతి ఇది. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు పొద్దున ఒక ట్రే నిండా జామాయిల్ గింజలు చల్లారు. మామూలు జామాయిల్ కాదు, ఆకు నలిపితే నిమ్మకాయ వాసన వచ్చే రకం. చలికాలమంతా కాయలు ఏరుకొచ్చి కాగితం మీద ఆరబెట్టారు. కాయ నోరు విప్పుకుని గింజ రాలుతుంటే చిన్నపిల్లాడిలా నన్ను పిలిచి చూపించేవారు. నాకు ఎర్రటి పొట్టే కనిపించేది. ‘అది కాదే, ఆ నల్లది’ అనేవారు. నువ్వుగింజలో సగం కూడా ఉండదు.

ఆయన నాకు పరిచయమైంది కూడా ఆ గింజలవల్లే. నేను కళ్ళద్దాల షాపులో లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తాను. ఒకరోజు ఆయన వచ్చి, గోడమీది అక్షరాలు చదవమంటే చదవకుండా, జేబులోంచి పొట్లం తీసి కౌంటరు మీద ఒంపి, ‘నాకు అక్షరాలతో పనిలేదమ్మా, ఇందులో గింజేదో పొట్టేదో తెలిస్తే చాలు’ అన్నారు. షాపులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పవరు దొరికేదాకా అద్దాలు మార్చి మార్చి చూపించాను. అలా మొదలైంది.

ఇప్పుడు నర్సరీ లేదు. స్థలం గలాయన ఖాళీ చెయ్యమన్నాడు. కుండీలూ గులాబీలూ తాత వ్యానులో వేసుకుని వేరే నర్సరీకి చేర్చాడు. నాకు మిగిలింది వెనక గది, వరండా, ఈ ట్రే. దీన్ని తీసుకెళ్ళడం తాత మర్చిపోయాడు. నేనూ మర్చిపోయాను. మొన్న వరండా ఊడుస్తుంటే ట్రేలో ఏదో కదిలినట్టుంది. వంగి చూస్తే, పక్కన కారే కుళాయి తడికేమో, సన్నటి ఎర్రకాడల మీద రెండేసి ఆకులు. బోలెడున్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. సంతోషం కలగలేదు, బాధా కలగలేదు. పాలు పొంగుతుంటే పొయ్యి ఆపాలి కదా అన్నట్టు, వీటికి ఏదో ఒకటి చెయ్యాలి కదా అని మాత్రం అనిపించింది.

నాకు మొక్కల పని రాదు. ఆయన చేస్తుంటే చూడటమే. జామాయిల్ నారు పోయడం మేస్త్రమ్మకి తెలిసినట్టు ఎవరికీ తెలియదని తాత అంటాడు. నీళ్ళెన్ని పొయ్యాలి? ఎండలో పెట్టాలా, నీడలోనా? ఎప్పుడు తీసి కవర్లలో పెట్టాలి? ఈ మూడూ చెబితే చాలు. మిమ్మల్ని ఇంకేమీ ఇబ్బంది పెట్టను.

ఇట్లు,
కళ్ళద్దాల షాపులో పనిచేసే ఆవిడ


ఉత్తరం రాసిన అమ్మాయికి,

నీకంటే పెద్దదాన్నే కాబట్టి అమ్మాయీ అంటాను, నువ్వూ అంటాను. అక్కా అనాలనుంది అన్నావు. వద్దు. నాకు సొంత చెల్లెళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళతోనే పడదు.

మొక్కల జోలికి వెళ్ళడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు నాది బస్‌స్టాండులో పార్సిల్ కౌంటరు. చుట్టూ అట్టపెట్టెలు, గోనెసంచులు. పొద్దున లేవగానే దేనికీ నీళ్ళు పొయ్యక్కర్లేదు, దేనికీ తెగులు రాదు. హాయిగా ఉంది. అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను.

పైనుంచి నీళ్ళు పొయ్యకు, కాడ విరుగుతుంది. వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి ట్రే అందులో పెట్టు. మట్టి పైకి తడి రాగానే తీసెయ్. పైన వేలు పెడితే పొడిగా తగిలినప్పుడే మళ్ళీ పెట్టు. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ. గాలి ఆడాలి. మొదటి రెండాకులూ అసలాకులు కావు. వాటి తరవాత వచ్చే జతలు లెక్క. రెండు జతలు వచ్చాక తీసి కవరులో పెట్టు. కాడ పట్టుకోకు, ఆకు పట్టుకో. ఆకు చిరిగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్క పోతుంది. వేరు వంకర తిరిగితే ఆ చెట్టు ఎప్పటికీ నిటారుగా నిలబడదు, కాబట్టి పుల్లతో లోతుగా కన్నం చేసి వేరు తిన్నగా దించు.

‘ఊఁ’ అన్నానని తాత చెప్పాడా? ఆ ముసలాడికి నోరు ఆగదు. అవతల బస్సు కదులుతోంది, పార్సిలు ఎక్కించాలి. ఇంకేమనాలి?

మేస్త్రమ్మ
(ఆ పేరు పెట్టిన మనిషి పోయాడు గానీ ఇంకో సంతకం అలవాటు లేదు)


అక్కా అనొద్దన్న మేస్త్రమ్మగారికి,

నమస్కారం. మీరు చెప్పినట్టు చెయ్యలేదు. ముందే ఒప్పుకుంటున్నాను, తిట్టండి.

పళ్ళెంలో పెట్టమన్నారు, పెట్టాను. తీసెయ్యమన్నారు, తియ్యలేదు. తీసినా కాసేపటికే మళ్ళీ పెట్టాను. షాపుకి వెళుతూ పెట్టాను, వచ్చి పెట్టాను. మధ్యాహ్నం అన్నానికి వెళుతున్నానని చెప్పి పరిగెత్తుకొచ్చి మరీ పెట్టాను. ఎందుకని అడిగితే చెప్పలేను. తడిగా ఉందని కంటికి కనిపిస్తూనే ఉంది, చెయ్యి మాత్రం నీళ్ళ చెంబు వైపు వెళుతూనే ఉంది. నాలుగు రోజుల్లో మొలకలు మొదలు దగ్గర నల్లబడి ఒక్కొక్కటే పక్కకి ఒరిగిపోయాయి. ఒక మూలనుంచి మొదలై చాప పరుచుకున్నట్టు వచ్చేసింది. సగానికి పైగా పోయాయి. మిగిలినవాటిని ఎలా కాపాడుకోవాలో చెప్పండి.

ఇంకో అనుమానం. బతికినవాటికి అసలాకులు వచ్చాయి గానీ అవి జామాయిల్ ఆకుల్లా లేవు. జామాయిల్ ఆకు పొడుగ్గా, నున్నగా, కొడవలిలా ఉంటుంది కదా. ఇవి వెడల్పుగా, గరుకుగా, నూగుతో ఉన్నాయి. పిల్లి నాలుక తగిలినట్టుంది. ట్రేలో ఏదో పిచ్చిమొక్క మొలిస్తే ఇన్నాళ్ళూ దానికి సేవ చేస్తున్నానేమోనని పీకెయ్యబోయాను. పీకేముందు ఒక ముక్క అడిగి చూద్దామని ఆగాను.

నా సంగతులు మీకు అక్కర్లేదు గానీ కాగితం మిగిలింది. షాపులో ఒక పెద్దాయనకి ఎడమ లెన్సు కుడివైపు, కుడి లెన్సు ఎడమవైపు బిగించి ఇచ్చాను. ఆయన మర్నాడు గోడ పట్టుకుంటూ వచ్చి, ‘అమ్మా, నేల నా మీదికి లేచి వస్తోంది’ అన్నాడు. షాపాయన మంచివాడు, నన్ను సొంత చెల్లెల్లా చూస్తాడు. ‘కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండమ్మా’ అన్నాడు. ఇంట్లో ఏముంది అన్నాను. చీర ఇస్త్రీ చేస్తుంటే ముంజేతికి పెట్టె తగిలింది. వాసన వచ్చాక తెలిసింది, కాలుతున్నది నా చెయ్యి అని. పక్కింటావిడ మందు రాస్తూ, ‘ఒక్కసారి గట్టిగా ఏడిచెయ్యి తల్లీ, బరువు దిగిపోతుంది’ అంది. నాకు బరువుగా ఉంటే కదా దిగడానికి. లోపల ఏమీ లేదు. ఇల్లు ఖాళీ చేశాక గోడలకి మేకులు మిగిలినట్టు ఉంది. ఆయన పోయినప్పటినుంచీ ఒక్క చుక్క రాలేదు. చూడటానికి వచ్చినవాళ్ళు నా మొహంకేసి చూసి, కాసేపు ఉండి, కొంచెం నిరాశపడి వెళ్ళారు.

మొక్కల సంగతి మాత్రం త్వరగా రాయండి.

ఇట్లు,
కళ్ళద్దాల షాపావిడ


అమ్మాయీ,

నిన్ను తిట్టడానికి కాగితం చాలదు.

అది నారుకుళ్ళు. ఒరిగినవాటిని చుట్టూ మట్టితో సహా చెంచాతో తీసి దూరంగా పారెయ్. మిగిలినవాటి మొదళ్ళలో పొడి ఇసక పల్చగా చల్లు. పళ్ళెం దాచెయ్. మూడు రోజులు నీళ్ళ ఊసెత్తకు. ఆ తరవాత బతికినవి బతుకుతాయి.

ఆకు సంగతి. అది పిచ్చిమొక్క కాదు. ఈ రకానికి చిన్నప్పుడు ఆకు అలాగే ఉంటుంది, గరుకుగా, నూగుతో. మనిషెత్తు దాటాక నున్నగా, సన్నగా మారుతుంది. ఒక ఆకు కొస వేళ్ళతో నలిపి వాసన చూడు. నిమ్మకాయ తెలిస్తే అదే. వందలో కొన్నిటికి వాసన ఉండదు. అవి పనికిరావు, పీకెయ్యాలి.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నువ్వు తెలివితక్కువదానివి కాదు. కంటి పవరు కొలిచే పని చేసేదానివి. తడి ఉన్న ట్రేని మళ్ళీ మళ్ళీ నీళ్ళలో పెట్టమని నీకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఊరికే చెయ్యి వెళ్ళదు. నీకు నాతో మాట్లాడాల్సింది నారు గురించి కాదని మొదటి ఉత్తరంలోనే తెలిసింది. మొక్కల పని చెప్పేవాళ్ళు మీ ఊళ్ళో పదిమంది ఉంటారు. వాళ్ళందర్నీ వదిలి నాకెందుకు రాశావు? డొంకతిరుగుడు వద్దు. అడగాల్సింది అడుగు. నేను బాధపడతానని మొహమాటపడకు. ఆ మనిషి విషయంలో నా బాధలన్నీ ఎప్పుడో అయిపోయాయి.

చేతికి తేనె రాయి. పక్కింటావిడ మాట వినకు. ఏడుపు కుళాయి కాదు తిప్పగానే రావడానికి.

మేస్త్రమ్మ


మేస్త్రమ్మగారికి,

మీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. రాయకూడదనే అనుకున్నాను.

నారుకుళ్ళు ఆగింది. తొమ్మిది మిగిలాయి. మీరు చెప్పినట్టే ఆకు పట్టుకుని, వేరు తిన్నగా దించి కవర్లలో పెట్టాను. అందులో ఆరు నిలబడ్డాయి. మూడేసి జతల ఆకులు వచ్చాయి.

నిన్న ఆ ఆరిటినీ తీసుకెళ్ళి డాబా మీద నడి ఎండలో పెట్టి షాపుకి వెళ్ళిపోయాను. మర్చిపోయి కాదు, కావాలనే. నర్సరీ లేదు, ఆయన లేరు, ఇవి మాత్రం ఎందుకు అనుకున్నాను. నా బట్టలు సంచిలో సర్దేశాను. షాపాయన అన్నగారికి ఇంకో ఊళ్ళో షాపు ఉంది, అక్కడ మనిషి కావాలంటున్నారు. ఇవి ఎండిపోతే నన్ను ఇక్కడ పట్టి ఉంచేది ఏదీ ఉండదని లెక్క వేసుకున్నాను. సాయంత్రం వచ్చి డాబా ఎక్కాను. తలలు వాల్చి ఉన్నాయి గానీ చావలేదు. నీళ్ళు పోస్తే అన్నీ లేచాయి. నేననుకున్నంత మెత్తటివి కావవి. నాకు విసుగొచ్చింది. ఆయన పోయాక నాకు వచ్చిన మొదటి విసుగు అదే. అప్పుడనిపించింది, మీకు రాసెయ్యాలని.

ఆయనకి జ్వరం తలకెక్కింది. మెదడు వాచిందన్నారు డాక్టర్లు. మనుషుల్ని గుర్తుపట్టకపోవచ్చు, కంగారుపడకండని ముందే చెప్పారు. సరే అన్నాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెంచాతో నీళ్ళు తాగిస్తున్నాను. మధ్యాహ్నం వేళ, వార్డంతా సందడిగా ఉంది. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశారు. చాలా మర్యాదగా చూశారు. ‘సిస్టర్’ అన్నారు నన్ను. నర్సు అనుకున్నారు.

‘సిస్టర్, మేస్త్రమ్మ వచ్చిందా?’

‘నేనండీ’ అన్నాను.

‘మీరు కాదమ్మా. మేస్త్రమ్మ. కాస్త కబురు చెయ్యండి. త్వరగా రమ్మనండి.’

ఆ రోజంతా అదే మాట. మర్నాడూ అదే మాట. పక్క మంచం పేషెంటు తాలూకు మనిషి, ‘ఎవరమ్మా ఆ మేస్త్రమ్మ, కబురు పంపకూడదా పాపం’ అని నన్నే కోప్పడింది. నేను తాతకి ఫోను చేశాను మీ నంబరు కోసం. తాత వెతికి తెచ్చేసరికి ఆయన లేరు.

ఆరేళ్ళు ఒక గదిలో ఉన్నాం. ఆయన నాతో ఎప్పుడూ మీ గురించి చెడ్డగా గానీ మంచిగా గానీ మాట్లాడలేదు. అయిపోయిన విషయం అనుకున్నాను. అయిపోలేదన్నమాట. తెలివిలో ఉన్నంతకాలం నాతో ఉండి, తెలివి తప్పగానే మీ దగ్గరికి వచ్చేశారు. నేను స్టూలు మీద చెంచా పట్టుకుని కూర్చున్నాను, ఎవరో సిస్టర్‌ని.

నీళ్ళ సంగతి అడిగారు. మీ కోసం అడిగిన ప్రతిసారీ ఆఖర్న ఒక మాట అనేవారు. ‘ట్రే ఆరిపోతుంది’ అని. ‘మేస్త్రమ్మని పిలవండి, ట్రే ఆరిపోతుంది’ అని. వరండాలో ట్రే కనిపించినప్పటినుంచీ ఆ గొంతు చెవిలో ఉంది. అందుకే చెయ్యి ఆగలేదు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. మీలో ఏముంది? కోపంతో అడగడం లేదు. నాకు కోపం కూడా రావడం లేదు. కళ్ళకి పవరు ఎంతో తెలుసుకోవాలన్నట్టు అడుగుతున్నాను. చెప్పేస్తే సంచి పట్టుకుని వెళ్ళిపోతాను.

ఇట్లు,
ఆయన ‘సిస్టర్’


చెల్లీ,

అక్కా అనొద్దన్నాను గానీ చెల్లీ అనకూడదని నాకు నేను చెప్పుకోలేదు.

నీ ఉత్తరం కౌంటరు దగ్గరే చదివాను. చదివి నవ్వాను. బెంచీ మీద కూర్చున్న ప్రయాణికులు తిరిగి చూశారు. నీ బాధకి నవ్వలేదు, నమ్ము. ఆ ఒక్క వాక్యానికి నవ్వాను. ‘మేస్త్రమ్మని పిలవండి, ట్రే ఆరిపోతుంది.’ పిచ్చిదానా, అది నువ్వు అంత జాగ్రత్తగా విని, అంత తప్పుగా ఎలా విన్నావు? ఆ మనిషి పెళ్ళాన్ని పిలవలేదు. నీళ్ళు పోసేవాళ్ళని పిలిచాడు.

నా కాపరం తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో నన్ను పిలిచిన ప్రతి పిలుపూ అదే. పడుకుని ఉంటే, మేస్త్రమ్మా, నారుమీద నెట్ కప్పావా? తింటూ ఉంటే, మేస్త్రమ్మా, గులాబీలకి మందు కొట్టావా? మా అమ్మ పోయి నేను ఊరినుంచి తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, ‘వచ్చావా, మంచిపని చేశావు, నారు వాడుతోంది’ అన్నాడు. చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. అందుకే వదిలేసి వస్తుంటే ఎవరికీ కారణం చెప్పలేకపోయాను. ఏమని చెప్పను? నా మొగుడికి నా చేతులు మాత్రమే తెలుసు అని చెబితే ఎవరికి అర్థమవుతుంది?

నిన్ను గుర్తుపట్టలేదు. అది నిజమే. దాన్ని నేను తియ్యగా మార్చి చెప్పలేను. జ్వరం తలకెక్కినవాడు ఎవర్నీ గుర్తుపట్టడు అని డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు, విన్నా గుచ్చుకుంది. గుచ్చుకుంటుంది. నాకు గుచ్చుకున్నది కూడా ఒకటుంది. చెప్పకూడదనుకున్నాను గానీ చెబుతాను.

నిన్ను చేసుకున్నాక కొన్నాళ్ళకి మా పార్సిల్ ఆఫీసు ఫోనుకి ఫోను వచ్చింది. విడిపోయాక అదే మొదలు, అదే ఆఖరు. గొంతు వినగానే తెలిసింది.

‘మేస్త్రమ్మా, ఒక మాట అడగాలి’ అన్నాడు.

‘ఏం, గులాబీలకి పురుగు పట్టిందా?’ అన్నాను.

‘అది కాదు. ఆడమనిషికి కాళ్ళు ఎప్పుడూ చల్లగా ఉంటే ఏం చెయ్యాలి?’

‘ఏ ఆడమనిషికి?’

‘మా ఆవిడకి. దుప్పటి కప్పుకున్నా మంచులా ఉంటున్నాయి. అడిగితే చిన్నప్పట్నుంచీ అంతే అంటుంది. ఏమన్నా జబ్బంటావా? నాకేం తెలియడం లేదు. నువ్వైతే చెబుతావని.’

కౌంటరు ముందు మనుషులు అరుస్తున్నారు. ‘నూనె రాసి మేజోళ్ళు తొడుగు’ అని పెట్టేశాను. ఆ పూట రెండు పార్సిళ్ళు తప్పు బస్సు ఎక్కించి మాట పడ్డాను.

తొమ్మిదేళ్ళు పక్కన పడుకున్నాను చెల్లీ. నా కాళ్ళు చల్లగా ఉండేవో వేడిగా ఉండేవో ఆ మనిషిని అడిగితే చెప్పగలిగేవాడు కాదు. నీ కాళ్ళ కోసం నాకు ఫోను చేశాడు. ఏం చెప్పాలో తెలియనప్పుడు మేస్త్రమ్మని అడగడం అతనికి అలవాటు. ఆ అలవాటే ఆస్పత్రిలోనూ మాట్లాడింది. నాలో ఏముందని అడిగావు. నాలో ఏమీ లేదు. నీలో ఏముందా అని ఆరేళ్ళనుంచీ నేను ఆలోచిస్తున్నాను.

ఎండలో పెట్టినా చావలేదంటే ఇక వాటిని చంపడం నీ వల్ల కాదు. నేలలో పెట్టాలి. మోకాలెత్తు రానీ. ఈలోగా చోటు చూడు. ఇంటికి దగ్గరగా వద్దు, ఆకాశమంత పెరుగుతుంది. వానలు మొదలవగానే నాకు రాయి, సెలవు పెట్టి వస్తాను. గుంత తవ్వడం నీకు రాదు.

సంచి విప్పి బట్టలు బయట పెట్టు. ముడతలు పడతాయి.

మేస్త్రమ్మ


అక్కా,

వద్దన్నా రాస్తున్నాను. ఇక మీరు అనను, నువ్వే. గుంత దగ్గర అంత గొడవ పడ్డాక ఇంకా మీరూ గీరూ ఏమిటి?

నిన్ను బస్సెక్కించి వచ్చి నాలుగు రోజులైంది. జరిగింది మనిద్దరికీ తెలిసిందే అయినా ఒకసారి రాసుకుంటే తప్ప నాకు నమ్మకంగా లేదు. ఈ మధ్య జరిగినవేవీ నాకే జరిగినట్టు ఉండటం లేదు.

నువ్వు బస్సు దిగగానే నా మొహం చూడకుండా నా చేతిలో గునపం చూసి, ‘దీనితోనా తవ్వేది, మొద్దుబారింది’ అన్నావు. ఫుట్‌బాల్ మైదానం గోడ పక్కన చోటు చూపిస్తే, ‘గోడకి ఇంత దగ్గరా? ఇంకో పది అడుగులు ఇటు’ అన్నావు. మైదానం కాపలా ఆయన నీ గొంతుకి భయపడి తనే పార తెచ్చి ఇచ్చాడు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి తవ్వుతుంటే అర్థమైంది, ఆయన నిన్ను ఎందుకలా పిలిచేవారో. నాకైనా అలాగే పిలవాలనిపించింది.

ఆరు మొక్కల్లో మోకాలెత్తు వచ్చేలోగా మూడు పోయాయి, మూడు మిగిలాయి. నువ్వు వరసగా ఆకు నలిపి వాసన చూశావు. మొదటిది చూసి తల ఊపావు. రెండోది చూసి ఊపావు. మూడోది రెండుసార్లు నలిపి, నా ముక్కు దగ్గర పెట్టి, ‘దీనికి లేదు. వట్టి ఆకు. పీకెయ్’ అన్నావు.

‘ఉండనీ’ అన్నాను.

‘ఉంచి ఏం చేస్తావు? దాని తిండి అది తింటుంది, పక్కదాని తిండి కూడా తింటుంది.’

‘తిననీ.’

నువ్వు వినిపించుకోకుండా కవరు చించి దాన్ని పక్కకి విసిరెయ్యబోయావు. నేను నీ మణికట్టు పట్టుకున్నాను. అంత గట్టిగా పట్టుకున్నానని నీ చేతిమీద ఎర్రగా పడ్డాక తెలిసింది. ‘చెయ్యి తియ్యి! ఇది నాది. ఈ గింజ చల్లింది మా ఆయన. నర్సరీ నీదైతే అయింది, పని నీకు తెలిస్తే తెలిసింది, ఆయన నా మొగుడు!’ అని అరిచాను. మైదానంలో బంతాడుకుంటున్నవాళ్ళు ఆట ఆపేశారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నువ్వు తిరిగి అరుస్తావనుకున్నాను. ‘అవును. నీ మొగుడే’ అన్నావు. మొక్క నా చేతికిచ్చి, గుంత గట్టుమీద కూలబడి, మట్టి చేతులతో మొహం కప్పుకుని ఏడ్చావు. బాధలన్నీ ఎప్పుడో అయిపోయాయి అని రాసిన మనిషివి. భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చావు. నేను నిలబడి చూశాను. ఎవరైనా చూస్తే మొగుడు పోయింది నీకే అనుకునేవారు. నీకూ పోయాడు కదా అని అప్పుడు తట్టింది నాకు. నిన్ను ఎవరూ పలకరించి ఉండరు. చూడటానికి ఎవరూ వచ్చి ఉండరు. విడిచిపెట్టి వెళ్ళినదానికి ఏడ్చే హక్కు ఎవరిస్తారు?

కుళాయి దగ్గరికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాను. నువ్వు తాగావు. మొహం కడుక్కున్నావు. తరవాత మిగిలిన గుంతలూ నువ్వే తవ్వావు, మూడో మొక్క మాత్రం నేను పెట్టాను. వేరు తిన్నగా దించాను. నువ్వు చూస్తూ ఉన్నావు గానీ ఒక్క వంక కూడా పెట్టలేదు.

ఒక మాట చెప్పాలి. నువ్వు ఏడుస్తున్నంతసేపూ నాకు నిన్ను చూస్తే కుళ్ళుగా ఉంది. ఆయన విషయంలో కాదు, అది నీ ఉత్తరంతోనే పోయింది. అంత ఏడుపు నీకు ఎక్కడినుంచి వచ్చిందా అని. నాకు ఇంకా రాలేదు. బస్సు కదిలాక వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఇంటికొచ్చి బీరువా అంతా వెతికితే ఆ మేజోళ్ళు దొరికాయి. కార్మికులు బూట్లలో వేసుకునే బూడిదరంగు మందపాటివి. ఆయన అవి తెచ్చిన రోజు నేను నవ్వి, ఇవేమిటండీ గనిలో పనికి వెళ్ళాలా అన్నాను. ఆయన మంచం చివర కూర్చుని నా కాళ్ళకి తొడిగారు. ఎవరో చెబితే తెచ్చారని నాకు తెలియదు. ఎవర్ని అడిగి ఉంటారో ఊహించను కూడా లేదు. అవి తొడుక్కుని కూర్చున్నాను, ఇంత ఉక్కలో. దురద పుట్టింది. అంతే.

షాపాయన అన్నగారికి రానని చెప్పేశాను. షాపులో మళ్ళీ అద్దాలు బిగిస్తున్నాను, ఇప్పటిదాకా ఎవరికీ నేల లేచి రాలేదు. స్థలం గలాయన గదికి తాళం వేసుకున్నాడు. పక్కింటావిడ తన వెనక గది ఇచ్చింది. పొద్దున షాపుకి వెళ్ళేముందు మైదానం మీదుగా వెళుతున్నాను. మూడూ నిలబడే ఉన్నాయి. నిన్న వాన బాగా పడింది, నీళ్ళు పొయ్యలేదు. పొయ్యకుండా ఉండగలిగాను, అది నీకు చెప్పాలనిపించింది.

పక్కింటావిడ ఇంకా అడుగుతూనే ఉంది, ఏడ్చావా అని. లేదంటే నమ్మడం లేదు. రావాల్సినప్పుడు వస్తుంది. వాళ్ళెవరికీ చెప్పను గానీ, వచ్చిన రోజున ముందు నీకే రాస్తాను.

నీ చెల్లెలు